మిషను వుంది... మనిషేరీ?



పట్నంలో కాపురాలున్న మన ఇళ్ళకు ఈమధ్య ఒక కొత్తరకం చుట్టాలు వస్తున్నారు, గమనించారా? పూర్వం చుట్టాలంటే పెళ్ళికో, పండక్కో, లేకపోతే పిల్లాడి ఇంటర్వ్యూకో వచ్చేవారు. ఇప్పుడు స్కానింగుకి వస్తున్నారు. తెల్లవారకుండానే బస్సు దిగి, ఒక చేతిలో ఆసుపత్రి కాగితాల సంచీ, ఇంకో చేతిలో పెరట్లో కాసిన ఆనపకాయ పట్టుకుని గుమ్మంలో నుంచుంటారు. "డాక్టరమ్మ స్కానింగు తీయించమంది వదినా, మా దగ్గర లేదట" అంటారు. మనం కాఫీ ఇచ్చి, ఇంకో గ్లాసు బియ్యం ఎక్కువ పోసి, ఆటో మాట్లాడి పంపిస్తాం. ఒక పూట పని అనుకున్నది రెండు రోజులవుతుంది. లోపల్లోపల కాస్త విసుక్కోవడం కూడా కద్దు. ఆ విసుగు మాట అలా వుంచి, అసలు వాళ్ళు ఎందుకింత దూరం రావలసి వస్తోందో ఇవాళ చెప్పుకుందాం. ఎందుకంటే, మన గుమ్మందాకా రాగలిగినవాళ్ళు అదృష్టవంతులు. రాలేనివాళ్ళ సంగతే నా బెంగ.

ముందు ఈ మిషన్ల గురించి నాలుగు ముక్కలు. ఎక్స్‌రే మనందరికీ తెలిసిందే. 1895లో జర్మనీలో రాంట్‌జెన్ అనే ప్రొఫెసరుగారు ఈ కిరణాలను కనిపెట్టారు. ఆ డిసెంబరులోనే తన భార్య చేతిని వాటి ముందు పెట్టించి ఫొటో తీశారు. వేళ్ళ ఎముకలూ, వేలికున్న ఉంగరమూ ఆ ఫొటోలో పడ్డాయి. అంటే ఈ విద్యకు మొదట్లోనే చెయ్యి అందించింది ఒక ఇల్లాలన్నమాట! ఆయన దాని మీద పేటెంటు హక్కులు కూడా తీసుకోలేదు. 1901లో భౌతికశాస్త్రానికి ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది.

మనం వాడుకలో స్కానింగు అనేది అల్ట్రాసౌండుని. అందులో ఎక్స్‌రే కిరణాలుండవు. చెవికి వినపడని శబ్దాన్ని పొట్టలోకి పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని బొమ్మగా మారుస్తుంది. 1958లో గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే డాక్టరూ, ఆయన తోటివాళ్ళూ దీని సంగతి వైద్య పత్రికలో ప్రకటించారు. ప్రసూతి వైద్యం తీరు అక్కడినుంచే మారింది. సి.టి. స్కాను 1971లో లండనులో మొదటిసారి ఒక స్త్రీ తలకు తీశారు. అరటిదూటను చక్రాలుగా తరిగినట్టు, కత్తి పెట్టకుండానే శరీరాన్ని పలచని ముక్కలుగా చూపిస్తుందది. ఎం.ఆర్.ఐ. అయస్కాంతంతో పనిచేసేది. దాని గదిలోకి వెళ్ళేటప్పుడే మన మంగళసూత్రాలూ, మెట్టెలూ, తలలో పిన్నులూ అన్నీ తీయమంటారు.

సరే, మిషన్లు ఇవీ. కానీ మిషను ఒక్కటే వుంటే చాలదు. ఇంటికి గ్రైండరు తెచ్చుకున్నంత మాత్రాన ఇడ్లీలు ప్లేటులోకి రావు కదా, పప్పు నానబోసే చెయ్యి ఒకటుండాలి. ఇక్కడ ఒక చెయ్యి కాదు, రెండు కావాలి. ఫొటో తీసేవారు ఒకరు - రేడియోగ్రాఫరు, మనం టెక్నీషియను అంటాం. ఆ ఫొటో చూసి ఇదీ జబ్బు అని రాసి ఇచ్చేవారు ఇంకొకరు - రేడియాలజిస్టు, అంటే ఎం.బి.బి.ఎస్. అయ్యాక ఈ చదువు విడిగా చదివిన డాక్టరు. ఈ ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా, లక్షలు పోసి కొన్న మిషను మీద దుప్పటి కప్పి వుంచాల్సిందే.

నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో లక్షా ఇరవైవేల జనాభాకు, కొండ ప్రాంతంలోనూ గిరిజన ప్రాంతంలోనూ ఎనభైవేల జనాభాకు ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం వుండాలి. అందులో ఎక్స్‌రే వుండాలి, దానికొక రేడియోగ్రాఫరు వుండాలి. కాగితం మీద అంతా సవ్యంగానే వుంది. కేంద్ర ప్రభుత్వం వేస్తూ వచ్చిన గ్రామీణ ఆరోగ్య గణాంకాల పుస్తకాలు తిరగేస్తే మాత్రం, దేశం మొత్తం మీద రేడియోగ్రాఫర్ల కొరత ఏటేటా కనిపిస్తుంది. రేడియాలజిస్టుల సంగతి సరేసరి. డాక్టర్ల పి.జి. సీట్లలో మంచి ర్యాంకులొచ్చిన వాళ్ళు ముందుగా కోరుకునే చదువుల్లో ఇదొకటి. అంత కష్టపడి చదువుకున్నవారికి పట్నంలో వీధికో సెంటరు పిలుపు వుంటుంది. కొండ మీదికి ఎవరు వెళతారు? వాళ్ళనని ప్రయోజనం లేదు లెండి, మన పిల్లలనయినా మనం పంపుతామా?

2023 వర్షాకాలంలో జరిగిన ఒక సంగతి చెబుతాను. మా ఇంట్లో అంట్లు తోమే అమ్మాయిది మన్యంలో ఒక కొండవూరు. దాని చెల్లెలికి రెండో కానుపు. ఎనిమిదో నెల వచ్చేదాకా ఏ ఇబ్బందీ లేదు. ఆశా కార్యకర్త వచ్చి మాత్రలిచ్చేది, బరువు చూసేది, కింద ఆసుపత్రికి వెళ్ళి స్కానింగు తీయించుకోమని చెప్పేది కూడా. ఆ పిల్ల ఒకసారి వెళ్ళింది. మిషను వుంది కానీ స్కానింగు చేసే డాక్టరుగారిని వేరేచోటికి డెప్యుటేషను వేశారట. "వచ్చే వారం రా" అన్నారు. వచ్చే వారం వెళితే మళ్ళీ వచ్చే వారమన్నారు. కొండ దిగి, జీపులో వేళ్ళాడి, కూలి పోగొట్టుకుని మూడోసారి ఎవరు వెళతారు చెప్పండి? మానేసింది.

ఒక రాత్రి నొప్పి అన్నది లేకుండా రక్తస్రావం మొదలయింది. నొప్పి లేదు కదా, తెల్లవారాక చూద్దామనుకున్నారు ఇంట్లోవాళ్ళు. తెల్లవారేసరికి ఆ పిల్ల లేచి కూర్చోలేని స్థితిలో వుంది. డోలీ కట్టి రోడ్డుదాకా మోసుకొచ్చారు. 108 ఎక్కించారు. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి పంపగా పంపగా విశాఖపట్నం చేరారు. ఇక్కడ డాక్టరమ్మ చూసిన వెంటనే స్కానింగు చేసింది. అయిదు నిమిషాలు పట్టిందిట. మాయ పైన వుండవలసింది కిందికి వుండి, గర్భసంచి ముఖద్వారాన్ని మూసేసింది. ఆపరేషను చేసి, నాలుగు సీసాల రక్తం ఎక్కించి తల్లిని దక్కించారు. బిడ్డ దక్కలేదు.

"రెండు నెలల కిందట ఎవరూ చూడలేదా?" అని అడిగిందట డాక్టరమ్మ. మా పనిపిల్ల నాతో ఆ మాట చెబుతూ, "చూడ్డానికి ఎల్లింది కదమ్మగారూ, రెండుసార్లు ఎల్లింది" అన్నది.

మాయ కిందికి వుండడం అంత అరుదేమీ కాదు. అయిదో నెల స్కానింగులో కిందికి వున్నట్టు కనిపించినా, నెలలు నిండేకొద్దీ గర్భసంచి పెరిగి అది పైకి జరగడమే ఎక్కువ. జరిగిందో లేదో ఎనిమిదో నెలలో మళ్ళీ చూసుకోవాలి. జరగలేదని తెలిస్తే ఆ మనిషిని ముందే రక్తమూ ఆపరేషను వసతీ వున్న చోటికి చేర్చుకోవచ్చు. అందుకోసమే కొండవూళ్ళ గర్భిణులు నెలలు నిండక ముందే కిందికి వచ్చి వుండేలా 2018లో సాలూరులో వసతి గృహం పెట్టారు. చాలా మంచి పని. కానీ ఎవరిని ముందుగా దింపాలో తెలియాలి కదా? అది తెలిపేది ఆ అయిదు నిమిషాల స్కానింగే. గర్భిణికి ఇరవైనాలుగు వారాల లోపల ఒక్కసారయినా స్కానింగు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. మన దేశంలో అదే ఏడాది మొదలుపెట్టిన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులను డాక్టరు ఉచితంగా చూస్తారు. మీ ఇంట్లో పనిచేసే పిల్లలకు ఈ 9వ తేదీ సంగతి తెలుసో లేదో ఒకసారి అడిగి చూడండి.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. ఈ రోజుల్లో ఫొటో చిటికెలో అమెరికా వెళుతోంది, కొండమీద తీసిన స్కానింగు పట్నంలో డాక్టరు చూడలేడా అని. ఎక్స్‌రే అయితే చూడగలడు. 2015లో కేంద్రం ఉచిత వైద్యపరీక్షల పథకం పెట్టినప్పుడు ఇది కూడా చేర్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి చిన్న ప్రభుత్వాసుపత్రుల్లో తీసిన ఎక్స్‌రేలను కంప్యూటరు ద్వారా దూరాన వున్న రేడియాలజిస్టులకు పంపి, రిపోర్టు తెప్పించుకునే పద్ధతి నడిపారు. దీన్ని టెలీ-రేడియాలజీ అంటారు. తీసే మనిషి అక్కడ వుంటే చాలు, చదివే మనిషి ఎక్కడున్నా ఫరవాలేదు. ఇప్పుడు ఎక్స్‌రే మిషనే చేతిలో పట్టేంత చిన్నదయింది. 2024 డిసెంబరు 7న మొదలయిన నూరు రోజుల క్షయ నివారణ కార్యక్రమంలో అలాంటి మిషన్లను వూళ్ళకు పట్టుకెళ్ళి తీశారు.

అల్ట్రాసౌండు అలా కాదు. అక్కడ తీసేవారూ చదివేవారూ ఒక్కరే. ఆ చిన్న పరికరాన్ని పొట్ట మీద ఇటు జరిపి, అటు వంచి, బిడ్డ తిరిగితే తనూ తిప్పి, అప్పటికప్పుడు చూసి తేల్చుకోవాలి. చెయ్యీ కన్నూ కలిసి చేసే పని. తర్వాత ఆ కాగితం మీది బొమ్మ ఎంత పెద్ద డాక్టరుకు చూపించినా ఆయన చెప్పగలిగేది కొంతే. ఇంగ్లండు, అమెరికాల్లో ఈ పనికి సోనోగ్రాఫర్లని డాక్టర్లు కానివాళ్ళకు శిక్షణ ఇచ్చి పెట్టుకున్నారు. మన దేశంలో గర్భిణికి డాక్టరే చేయాలి. అలా అని చట్టం.

ఆ చట్టం ఎందుకు వచ్చిందో మనకు తెలియనిది కాదు. స్కానింగులో ఆడపిల్ల అని తెలుసుకుని కడుపులోనే వద్దనుకున్న ఇళ్ళు మన చుట్టూ లేవా? దేశంలో ఆరేళ్ళలోపు పిల్లల్లో ప్రతి వెయ్యిమంది మగపిల్లలకు 1991లో 945 మంది ఆడపిల్లలుంటే, 2001లో 927, 2011లో 919 అయ్యారు. అందుకే 1994లో చట్టం చేశారు, 2003లో ఇంకా బిగించారు. రిజిస్టరు అయిన చోటే మిషను వుండాలి. ప్రతి గర్భిణికీ ఫారం నింపాలి. 2012లో తెచ్చిన మార్పుల ప్రకారం ఒక డాక్టరు ఒక జిల్లాలో రెండు సెంటర్లకు మించి స్కానింగు చేయకూడదు. చేతిలో పట్టుకుపోయే మిషను వూరూరా తిప్పడానికి వీల్లేదు. ఆసుపత్రిలోనో, రకరకాల వైద్యసేవలు కలిపి అందించే సంచార వైద్యశాలలోనో మాత్రమే వాడాలి.

ఈ నిబంధనలు సడలించమని నేను అనను. ఆ మిషను సంచీలో పెట్టుకుని వూరూరా తిరిగితే ఏమవుతుందో ఆ అంకెలే చెబుతున్నాయి. కానీ ఆడపిల్లను కాపాడ్డానికి వేసిన తాళం, కొండమీది తల్లికి అడ్డం పడుతున్న మాట కూడా నిజమే. తాళం తీయనక్కర లేదు, తాళంచెవి అక్కడున్న మనిషికివ్వాలి. ఆ దారి చట్టంలోనే వుంది. మామూలు ఎం.బి.బి.ఎస్. డాక్టరుకు ఆరు నెలల స్కానింగు శిక్షణ ఇవ్వడానికి 2014లో నిబంధనలు చేశారు. ఎప్పటికో వచ్చే రేడియాలజిస్టు కోసం ఎదురుచూడడం కన్నా, అక్కడే పనిచేస్తున్న డాక్టరమ్మకు ఆ ఆరు నెలల శిక్షణ ఇప్పించి, తిరిగి అక్కడికే పంపి, డెప్యుటేషన్ల పేరుతో కదపకుండా వుంటే సగం బాధ తీరుతుందని నా అభిప్రాయం. మనకు అవకాశం వచ్చినప్పుడు ఎమ్మెల్యేగారినో, మహిళా సంఘం మీటింగుకి వచ్చిన అధికారినో "మిషను ఎప్పుడు కొంటారు?" అని కాక, "మిషను వారానికెన్ని రోజులు నడుస్తోంది?" అని అడగాలి. కొన్నవాటికి ప్రారంభోత్సవం వుంటుంది, ఫొటో వుంటుంది. నడిపించడానికి అవేమీ వుండవు.

తెలంగాణాలో 2022 నవంబరులో 44 ప్రభుత్వాసుపత్రులకు 56 టిఫా స్కానింగు మిషన్లు ఇచ్చారు. టిఫా అంటే కడుపులో బిడ్డ అవయవాలు సరిగా ఏర్పడ్డాయా లేదా అని నఖశిఖపర్యంతం చూసే స్కానింగు. గుండె, వెన్నెముక, మెదడు, మూత్రపిండాలు, పెదవులు అన్నీ చూస్తారు. పద్ధెనిమిది, ఇరవైరెండు వారాల మధ్య చేయించుకోవాలి. ఆ నాలుగు వారాలే దానికి అదను. వరినాటుకి వున్నట్టు దీనికీ కార్తె వుంది. మరీ ముందయితే అవయవాలు తెలియవు. ఆలస్యమయితే తెలిసినా చేయగలిగేది తగ్గిపోతుంది. 2021లో సవరించిన చట్టం ప్రకారం కొన్ని తరగతుల స్త్రీలకు ఇరవైనాలుగు వారాలదాకా గర్భస్రావానికి అనుమతి వుంది. అది దాటాక బిడ్డకు తీవ్రమయిన లోపం వుంటేనే, అదీ మెడికల్ బోర్డు ఒప్పుకుంటేనే. అంచేత "వచ్చే వారం రా" అన్న మాట, మామూలు చోట మామూలు మాటే కావచ్చు కానీ, ఈ స్కానింగు గదిలో చాలా బరువయిన మాట. ప్రైవేటులో చేయించుకుందామంటే కూలి చేసుకునే కుటుంబానికి రోజుల తరబడి సంపాదన పోతుంది.

ఇక మన పట్నవాసం సంగతి. ఇక్కడ ఇబ్బంది అటువైపు నుంచి వుంది. తలనొప్పి వస్తే సి.టి., నడుం నొప్పి వస్తే ఎం.ఆర్.ఐ., బస్టాండు బోర్డు మీద ప్యాకేజీ. డాక్టరు అడక్కుండా మనమే "ఒకసారి స్కానింగు తీయించేస్తే పోలా" అంటాం. అల్ట్రాసౌండులోనూ, ఎం.ఆర్.ఐ.లోనూ కిరణాల బాధ లేదు కానీ, పొట్టకు తీసే సి.టి.లో ఒక ఛాతీ ఎక్స్‌రే కన్నా వందరెట్ల దాకా రేడియేషను వుంటుంది. అవసరమయితే తీయించుకోవలసిందే, భయపడనక్కర లేదు. ఉబుసుపోక తీయించుకోవద్దు. పాత ఫిల్ములు పారేయకుండా దాచుకోండి. నెల తప్పిందన్న అనుమానముంటే ఎక్స్‌రే గదిలోకి వెళ్ళకముందే చెప్పండి, సిగ్గుపడి వూరుకోకండి.

సిగ్గంటే జ్ఞాపకం వచ్చింది. ఛాతీ ఎక్స్‌రేకి వెళ్ళినప్పుడు జడ ముందుకు పడివుంటే ఫిల్ములో దాని నీడ పడుతుంది, అది ఊపిరితిత్తిలో మచ్చలా కనిపిస్తుంది. జాకెట్టు హుక్కులు, పిన్నీసులు, తాయెత్తు, అన్నీ పడతాయి. ఇవన్నీ తీయమని మగ టెక్నీషియను చెప్పడానికి మొహమాటపడతాడు, మనవాళ్ళు తీయడానికి మొహమాటపడతారు. చివరికి ఫొటో పాడై మళ్ళీ తీయాలి. పల్లెల్లో అయితే మగవాళ్ళున్నారని తెలిసి గుమ్మందాకా వచ్చి వెనక్కి పోయేవాళ్ళున్నారు. ఆడవాళ్ళు ఈ వుద్యోగాల్లోకి ఎక్కువగా రావాలని నేననేది అందుకే.

ఇంటర్‌లో బై.పి.సి. చదివి, మెడిసిన్ సీటు రాలేదని ఇంట్లో కూర్చుని ఏడ్చే ఆడపిల్లలు ఎంతమంది లేరు? వాళ్ళకు డి.ఎం.ఐ.టి. అని రెండేళ్ళ డిప్లొమా వుంది, పారామెడికల్ బోర్డు నడుపుతుంది. బి.ఎస్సీ. కోర్సులు కూడా వున్నాయి. 2021లో వచ్చిన కేంద్ర చట్టంలో ఈ వృత్తికి కూడా గుర్తింపునిచ్చారు.

మా వీధిలో ఒక అమ్మాయి ఈ డిప్లొమా చదువుతానన్నప్పుడు వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. "కిరణాల దగ్గర పని, రేపు పెళ్ళయితే పిల్లలు పుడతారో పుట్టరో" అని ఆవిడ భయం. ఈ భయం చాలామంది తల్లులకు వుంది కనుక చెబుతున్నాను. తీసేటప్పుడు టెక్నీషియను గోడ వెనకాలో, సీసపు తెర వెనకాలో నుంచుంటుంది. దగ్గర వుండక తప్పనప్పుడు సీసపు ఏప్రన్ తొడుక్కుంటుంది. ఛాతీ మీద ఒక చిన్న బిళ్ళ పెట్టుకుంటుంది. ఎంత రేడియేషను తగిలిందో ఆ బిళ్ళ పట్టి చూపిస్తుంది, మూడు నెలలకోసారి దాన్ని పంపి లెక్క తీయిస్తారు. గర్భం వచ్చిందని చెబితే దానికి తగ్గ జాగ్రత్తలు వేరే వున్నాయి. పద్ధతి ప్రకారం నడిచే చోట ఇది వంటింట్లో ప్రెషర్ కుక్కరు కన్నా ఎక్కువ భయపడవలసిన పనేం కాదు. పద్ధతి ప్రకారం నడుస్తోందా అని మాత్రం చేరేముందు అడిగి తెలుసుకోవాలి, ఆ బిళ్ళ ఇస్తారా లేదా అని ముందే అడగాలి.

ఆ అమ్మాయి చదివింది. ఇప్పుడు మన్యానికి దగ్గరగా ఒక ప్రభుత్వాసుపత్రిలో ఎక్స్‌రే విభాగంలో పనిచేస్తోంది. మొన్న పండక్కి వచ్చినప్పుడు పలకరిస్తే, తను చేరాక ఛాతీ ఎక్స్‌రేకి వచ్చే ఆడవాళ్ళు బాగా పెరిగారని చెప్పింది. కొండలమీదినుంచి సరుకులు అమ్ముకోవడానికి సంతకు వచ్చిన ఆడవాళ్ళు, అమ్మకం అయ్యాక బుట్టలు ఆసుపత్రి అరుగు మీద పెట్టి, వరసగా కూర్చుంటారట. అంచేత సంత రోజున మాత్రం ఆ అమ్మాయికి సెలవు దొరకదు.